పీఆర్ ఏజెన్సీలో ఇంటర్న్‌షిప్: అసలు పని ఎలా ఉంటుంది

పీఆర్ (పబ్లిక్ రిలేషన్స్) ఏజెన్సీలో, అంటే కంపెనీల తరఫున పత్రికలతో వ్యవహరించే సంస్థలో, కొత్తగా చేరిన ఇంటర్న్‌కి మొదట అప్పగించేది క్లిప్పింగుల పని. నేనూ అక్కడే మొదలుపెట్టాను. పొద్దున్నే పత్రికలు, వెబ్‌సైట్లు జల్లెడపట్టి క్లయింట్ గురించి, పోటీ కంపెనీల గురించి, ఆ రంగం గురించి వచ్చిన వార్తలు ఏరాలి. క్లయింట్ సీట్లో కూర్చునే వేళకి అవి మెయిల్లో ఉండాలి. చాలామంది దీన్ని చిన్న పనిగా చూస్తారు. కానీ ఏ విలేకరి ఏ విషయాలు రాస్తారో, ఏ పత్రిక ఎలాంటి వార్తకి ఎంత చోటిస్తుందో తెలిసేది ఈ పనిలోనే.

తప్పులు ఎక్కువగా దొర్లేది వెతికే పదాల దగ్గర. క్లయింట్ పేరు వాడుక మాటే అయితే సంబంధంలేని లింకులు వందల్లో వచ్చిపడతాయి. పేరును కొటేషన్ గుర్తుల్లో పెట్టి, పక్కన రంగానికి చెందిన మాట ఒకటి కలిపి, అక్కర్లేని మాట ముందు మైనస్ పెడితే చాలావరకు వడకట్టుకోవచ్చు. ఒక పత్రిక కంపెనీ పూర్తి పేరు రాస్తే ఇంకోటి పొట్టి పేరు రాస్తుంది, మరోటి అక్షరం తప్పు రాస్తుంది. ఆ రూపాలన్నీ, కంపెనీ ఎండీ పేరుతో సహా, జాబితాలో ఉండాలి. వార్తాసంస్థ ఇచ్చిన ఒకే వార్త ఇరవై సైట్లలో కనిపిస్తే దాన్ని ఇరవై వార్తలుగా లెక్కకట్టకూడదు. ఒక వార్త, ఇరవై చోట్ల వచ్చిందని రాయాలి.

నెలాఖరు కవరేజ్ రిపోర్ట్‌లో, అంటే క్లయింట్ గురించి వచ్చిన వార్తల నివేదికలో, పత్రిక, తేదీ, పేజీ, శీర్షిక ఎలాగూ ఉంటాయి. అంతకంటే ముఖ్యమైనవి మరో మూడు: క్లయింట్ పేరు శీర్షికలో వచ్చిందా లేక ఎక్కడో చివర్లోనా, మనం చెప్పదలచుకున్న విషయం అందులో ఉందా, క్లయింట్ తరఫు మాట వేశారా. వార్త పట్టిన చోటును ప్రకటన రేటుతో గుణించి 'విలువ' చూపించే అలవాటు ఇంకా పోలేదు. ఆ లెక్క పీఆర్ విలువను చెప్పదని 2010లోనే బార్సిలోనా సూత్రాలు (పీఆర్ ఫలితాలను ఎలా కొలవాలో ఆ రంగంవాళ్లు ఒప్పుకున్న సూత్రాలు) తేల్చాయి. కంపెనీని ఏకిపారేసిన వార్తకి కూడా ఆ పద్ధతిలో అంతే విలువ వస్తుంది. అలాంటి అంకెను క్లయింట్ ముందు పెట్టడం సరికాదని నా గట్టి అభిప్రాయం.

మీడియా లిస్ట్, అంటే వార్తలు పంపాల్సిన విలేకరుల జాబితా, ఎప్పటికప్పుడు పాతబడిపోతుంది. విలేకరులు పత్రికలు మారతారు, బీట్లు (వాళ్లు రాసే రంగాలు) మారతారు. అందుకే ప్రతి పేరుకీ వాళ్లు ఈమధ్య రాసిన మూడు వార్తలు చూసి, షీట్‌లో 'సరిచూసిన తేదీ' అని ఒక కాలమ్ పెట్టుకున్నాను. అనుమానముంటే ఆఫీసు నంబరుకు ఫోన్ చేసి అడగడమే మేలు. ఆ లిస్ట్‌లోని వాళ్లకి మెయిల్ పంపేటప్పుడు జరిగే ప్రమాదాలు రెండు. అందరి అడ్రసులూ 'టు'లో పడి ఒకరివి ఒకరికి కనిపించడం ఒకటి. షీట్‌లో ఒక్క కాలమ్‌నే సార్ట్ చేయడం వల్ల వరసలు జారి, ఒకరి పేరుతో మెయిల్ ఇంకొకరికి వెళ్లడం రెండోది. ముందు ఐదు వరసలతో మన సొంత అడ్రసుకే పంపి చూసుకుంటే రెండోది అక్కడే బయటపడుతుంది.

ఇక ప్రెస్ నోట్. మొదటి ప్రెస్ నోట్‌గా తరచూ చెప్పేది 1906 అక్టోబరు నాటిది. అమెరికాలో అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీంచి నీళ్లలో పడి 50 మందికి పైగా చనిపోయినప్పుడు, రైల్వే కంపెనీ తరఫున దాని ప్రచార సలహాదారు ఐవీ లీ పత్రికలకు ప్రకటన ఇచ్చారు. పుకార్లు పుట్టకముందే జరిగింది చెప్పడం దాని ఉద్దేశం. ప్రెస్ నోట్‌లో విశేషణాలు ఎందుకు పనికిరావో నాకు దీనితోనే బోధపడింది. 300 నుంచి 400 పదాలు చాలు. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అన్నవి మొదటి పేరాలోనే పడాలి. రెండో మూడో పేరాలో ఒక వ్యాఖ్య, చివర కంపెనీ పరిచయం, ఫోన్ ఎత్తే మనిషి నంబరు. పత్రిక డెస్క్‌లో వార్తలు దిద్దేవాళ్లు చోటు చాలకపోతే కింది నుంచి కోస్తారు కాబట్టి అసలు విషయం అడుగున ఉండకూడదు.

రాయడం ఒక పూట పని. అప్రూవల్‌కే రోజులు పడతాయి. ముగ్గురు మూడు కాపీల్లో దిద్దితే లోపలి అంకె మారుతుంది, శీర్షికలో పాతదే మిగిలిపోతుంది. దిద్దుబాట్లకి ఒకే ఫైలు, ఫైలు పేరులో తేదీ, చివరి ఆమోదం మెయిల్లో రాతపూర్వకంగా ఉండేలా చూసుకోవాలి. పంపేముందు తేదీకీ వారానికీ పొంతన ఉందో లేదో క్యాలెండర్‌లో చూడాలి. వర్డ్ ఫైలులో ట్రాక్ ఛేంజెస్ (దిద్దుబాట్ల గుర్తులు) మిగిలిపోతే, క్లయింట్ కొట్టేయించిన వాక్యం కూడా విలేకరి చదివేస్తారు. నోట్‌ను మెయిల్లోనే అతికించి, ముద్రణకు పనికొచ్చే 300 డీపీఐ ఫొటోలు లింకుగా ఇచ్చి, ఫొటోలో ఎడమ నుంచి కుడికి ఎవరెవరో రాయాలి.

ఎంబార్గో, అంటే ఫలానా సమయం దాకా వార్త వేయొద్దన్న షరతు, విషయంలో చాలామంది పొరబడతారు. నోట్ నెత్తిన ఆ మాట రాసినంత మాత్రాన అవతలివాళ్లు కట్టుబడి ఉండాలని లేదు. ముందే అడిగి, సరేనన్నాకే పంపాలి. తేదీ, గంట, ఏ దేశపు సమయమో కూడా రాయాలి.

ఫాలోఅప్ ఫోన్‌లో 'మెయిల్ వచ్చిందా సార్' అని అడగకూడదు. 'రెండు నిమిషాలు మాట్లాడొచ్చా' అని అడిగి, మెయిల్లో లేని ఒక కొత్త సంగతి, లేదా మాట్లాడటానికి దొరికే మనిషి పేరు చెప్పాలి. దినపత్రికకి సాయంత్రం పేజీలు కట్టే వేళలో ఫోన్ చేస్తే విసుగు తెప్పించినట్టే. మాసపత్రికకైతే రెండు మూడు నెలల ముందే చెప్పాలి.

ఏ క్లయింట్ పనికి ఎంతసేపు పట్టిందో రాసే టైమ్‌షీట్ చాలాచోట్ల పావుగంట లెక్కన నింపుతారు. ఏ రోజుది ఆ రోజే రాయాలి. క్లయింట్‌కి వేసే బిల్లుకి అదే ఆధారం.

వెళ్లిపోయేటప్పుడు క్లయింట్ కాగితాలు, మీడియా లిస్ట్ వెంట తీసుకెళ్లకూడదు. అచ్చయిన వార్తలు మాత్రం, వాటిలో నేను చేసింది ఏ భాగమో ఒక్క వాక్యంలో రాసుకుని, పైవాళ్లని అడిగి దాచుకున్నాను.