డబ్ల్యూ.హెచ్. 90: అడుగున ఉన్న పేరు ఎవరిది?

సేలంలో చేసిన పట్టీల మీద కొక్కెం దగ్గర భీమవరం కొట్టువాళ్ల అక్షరాలుంటే, పట్టీలు చేసింది వాళ్లేనని ఎవరూ అనుకోరు. కోరంగిలో ఓడెక్కి రంగం (రంగూన్) వెళ్లొచ్చిన వాళ్ల పాత పెట్టెలో డ్రాగన్ చెక్కిన చైనా వెండి మగ్గు దొరికితే, దాని అడుగున డబ్ల్యూ.హెచ్. 90 అన్న ముద్రనీ ఈ లెక్కనే చదవాలి.

డబ్ల్యూ.హెచ్. అంటే వాంగ్ హింగ్. కాంటన్, హాంకాంగ్‌లలో విదేశీయులకు వెండి సామాను అమ్మిన కొట్టు. లువెన్ వో, టక్ చాంగ్ కూడా అలాంటి కొట్లే, అవి షాంఘైవి. పక్కన 90 ఉంటే నూటికి తొంభై పాళ్లు వెండి అని. ఆ పక్కనే బుల్లి చీనా అక్షరాల ముద్ర ఉంటుంది, చేసిన కార్ఖానా జాడ సాధారణంగా అదే. ఒకే కొట్టు పేరు కింద రకరకాల చీనా ముద్రలు కనబడేది అందుకే. ఇంకా పాత చెంచాల మీద సింహం, రాజు తల ఉంటాయి. ఇంగ్లండు ముద్రల్ని చూసి కొట్టినవవి, లండన్ సరుకని మోసపోవద్దు. ఇంగ్లండులోలా పరీక్ష చేసి ముద్ర వేసే ఆఫీసు అక్కడ లేదు. 90 అన్నది అమ్మినవాడి మాటే.

కాబట్టి గీటురాయి తప్పదు. అడుగు అంచున, ముద్రకీ అతుకులకీ దూరంగా గీయాలి. టంకంలో వెండి పాలు తక్కువ, పిడి అతుకు దగ్గర గీస్తే మంచి సరుకు కూడా నాసిగా తేలుతుంది. టచ్ (వెండి పాలు) చూపించే మిషనుకి ఇంకో జబ్బు: అది పైపొరనే చదువుతుంది. ఆమ్లంలో వేసి తెల్లబరిచిన వస్తువు పైన రాగి పోయి వెండి మిగులుతుంది గనక అంకె ఎక్కువ చూపిస్తుంది. చిన్నగా ఆకురాయి పెట్టి, లోపలి లోహం తేలాక చూడాలి.

అమ్మకానికి పెడితే లెక్క ముందే వేసుకోండి. 400 గ్రాముల మగ్గు 90 టచ్‌కి 360 గ్రాముల వెండి. కొట్టువాడు 80 కడితే 320. నలభై గ్రాములు అక్కడే పోయాయి, పైన కరుగు తరుగు వేరే. పనితనానికి కాటాలో తూకమే లేదు.

చాలా మగ్గులకు రెండు గోడలు. లోపలివైపు నున్నటి గిన్నె, పైన ఉబ్బెత్తు పని చేసిన తొడుగు. మెరుపు కోసం చింతపండు పులుసులో నానబెడితే పులుపు అతుకు సందులోంచి మధ్యలోకి దిగి, మళ్లీ బయటికి రాదు. వారం తర్వాత అతుకు వెంట పచ్చటి చిలుము ఊరుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలు.