ఆల్బమ్ పని ఎంతవరకొచ్చింది: బేస్ గోల, హార్మోనియం మొండితనం

ఎనిమిది పాటల్లో ఐదింటి రికార్డింగ్ అయిపోయింది. రెండింటికి గొంతు మిగిలింది. ఒకదానికి రెండో చరణమే కుదరలేదు, దాని ఊసు ఇప్పుడొద్దు. గిటార్, బేస్ గిటార్, కీబోర్డ్, హార్మోనియం, కంజీర అన్నీ నేనే వాయిస్తున్నాను, వాటన్నిటినీ కలిపి హెచ్చుతగ్గులు సరిచేసే మిక్సింగూ నాదే. బెంగళూరు మారతహళ్ళి అద్దె ఫ్లాట్‌లో చిన్న బెడ్‌రూమే స్టూడియో. మైకునీ గిటార్‌నీ ల్యాప్‌టాప్‌కు కలిపే రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు, ఎస్‌ఎం57 అనే ఇంకో మైకు, ల్యాప్‌టాప్‌లో రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. సామానంటే ఇదే.

ఈసారి టైమంతా తినేసింది బేస్. వైరు నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకే వెళ్తుంది కాబట్టి రికార్డింగ్‌లో గది గొడవ లేదు. తిప్పలన్నీ వినేటప్పుడే. మిగతా స్వరాలు బుద్ధిగా ఉండేవి, ‘ఏ’ (A) తీగను వేలు నొక్కకుండా (ఓపెన్‌గా) మీటితే మాత్రం బీరువా తలుపు కూడా పాడేది. లెక్క కడితే తేలింది. గది పొడవు పది అడుగులు, అంటే 3.05 మీటర్లు. శబ్దం వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. దాన్ని గది పొడవుకు రెట్టింపుతో భాగిస్తే 56 హెర్ట్జ్ వస్తుంది, అంటే ఆ స్వరానికి గది కూడా తోడుగా మోగుతుంది. బేస్‌లో ఓపెన్ ‘ఏ’ 55 హెర్ట్జ్. ఇంకేం కావాలి!

ఆ స్వరాన్ని లూప్‌లో పెట్టి గదిలో నడిచి చూడండి, తమాషాగా ఉంటుంది. గోడ దగ్గర ఛాతీకి తగులుతుంది, సరిగ్గా మధ్యకొచ్చేసరికి దాదాపు మాయమైపోతుంది. గోడకు ఆనుకుని కూర్చుని విన్నవాడు ఈక్యూలో (స్వరాల హెచ్చుతగ్గులు సరిచేసే చోట) 55 హెర్ట్జ్ దగ్గర కోసేస్తాడు, తీరా కారులో వింటే బేస్ ఉండదు. మధ్యలో కూర్చున్నవాడు పెంచేస్తాడు. నాకు గది పొడవులో మూడో వంతు దాటాక, ఇంకాస్త ముందుకు కుర్చీ వేస్తే కుదిరింది.

ఆన్‌లైన్‌లో అమ్మే అంగుళం ఫోమ్ ముక్కలు దీనికి పనికిరావు. చప్పట్లు కొడితే వచ్చే గణగణ తగ్గుతుంది, అంతవరకే. 56 హెర్ట్జ్ అల పొడవులో పావు వంతే మీటరున్నర, దాన్ని అంగుళం స్పాంజి ఏం ఆపుతుంది? రాక్‌వూల్ (రాతి నార) పలకల్ని చెక్క ఫ్రేముల్లో మందంగా పేర్చి, మూలల్లో గోడకు కాస్త ఎడంగా నిలబెట్టాను. పైన అమ్మ పంపిన పాత నూలు చీరలు. గుడ్డకు నోరు ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి, అదే పరీక్ష. రెక్సిన్ లాంటివి వద్దు. రాక్‌వూల్ తగిలితే ఒకటే దురద, గ్లవ్స్, మాస్కు లేకుండా కోయకండి. గోల పూర్తిగా పోలేదు కానీ మిక్స్ చేసుకునేంతగా తగ్గింది.

ఇక హార్మోనియం. మా పెద్దనాన్న పద్యనాటకాలకు వాయించిన పెట్టె. దాని ‘ఏ’ (A) స్వరం, శ్రుతి చూపించే ట్యూనర్‌లో 444 హెర్ట్జ్ చూపిస్తుంది. కీబోర్డేమో 440. రెండూ కలిపి పట్టుకుంటే సెకనుకు నాలుగుసార్లు శబ్దం ఊగుతుంది. హార్మోనియం శ్రుతి మార్చాలంటే ఒక్కో రీడ్‌నూ గీకాలి, ఆ పెట్టె మీద ఆకురాయి పెట్టే ధైర్యం నాకు లేదు. కాబట్టి పాట మొత్తం దాని మాటే విన్నది. ట్యూనర్ రిఫరెన్స్ 444కి మార్చి గిటార్, బేస్ శ్రుతి చేశాను. కీబోర్డ్ శబ్దాల్ని 16 సెంట్లు (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు) పైకి జరిపాను. మైకు రెండడుగుల దూరంలో, కాస్త పైనుంచి. బెల్లోస్ కిర్రుమనడం కొంచెం వినిపిస్తుంది, నాకది ఇష్టమే.

నాలుగు వాయిద్యాలు వచ్చినవాడికి ఒక జబ్బుంటుంది: వచ్చినవన్నీ పెట్టేయడం. నాలుగో పాటలో కంజీర, రెండో గిటార్ రెండూ తీసేశాక గానీ పల్లవి లేవలేదు. ఇప్పుడు గిటారూ గొంతూ మాత్రమే పెట్టి వింటున్నాను. అలా నిలబడని పాటను హార్మోనియం కూడా కాపాడలేదు. కంజీర దెబ్బల్ని మాత్రం సాఫ్ట్‌వేర్‌లోని తాళపు గీతలకు (గ్రిడ్‌కు) లాగి అతికించడం లేదు. చెవిలో తాళం టిక్‌టిక్ (క్లిక్) పెట్టుకుని ఒకే మనిషి అన్నీ వాయిస్తే అసలే ఇస్త్రీ చేసినట్టుంటుంది.

గొంతు పని రాత్రి పదకొండు దాటాకే. పగలు కుక్కర్ విజిళ్ళు, వాటర్ ట్యాంకర్ల హారన్లు. బెంగళూరులో చాలా రాత్రులు ఫ్యాన్ ఆపేసి పాడొచ్చు, విజయవాడలో ఆ మాటంటే కొడతారు. రింగ్ రోడ్డు లారీల గుర్రు గొంతు ట్రాక్‌లో 80 హెర్ట్జ్ కింద కోసేస్తే చాలావరకు పోతుంది.

చివరి మెరుగు అయిన మాస్టరింగ్‌లో శబ్దాన్ని గోడలా పేర్చే ఉద్దేశం లేదు. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో ఎలాగూ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట మొత్తం ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరికి దించేస్తుంది. ట్రూ పీక్ (శబ్దం ఎగసే గరిష్ఠ ఎత్తు) మైనస్ 1 డీబీ దాటనివ్వను. ప్రతి పాటకూ రికార్డింగ్‌ను గుర్తించే 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడ్ కావాలి, పాటల్ని స్పాటిఫై లాంటి చోట్లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్లే చాలావరకు ఇచ్చేస్తారు. రాసి, బాణీ కట్టినవాళ్ళ హక్కుల సంగతి వేరు, దానికి రచయితల, స్వరకర్తల రాయల్టీలు వసూలు చేసిపెట్టే సంస్థ ఐపీఆర్‌ఎస్ సభ్యత్వం తీసుకోవాలి. ఆ ఫారాలు ఈ వారాంతంలో నింపుతున్నాను, చరణం సంగతి తర్వాత.