కంటి నరం వెడల్పెంత? – నా ప్రాజెక్టు అనుభవం

మా ఇంట్లో రక్తం పారే నాళాన్నీ నరమే అంటారు, నొప్పి తెలిపేదాన్నీ నరమే అంటారు. నేను కొలవాల్సింది రక్తనాళాలను. అందుకే ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు ఏమిటని అమ్మ అడిగితే "కంటి నరాల వెడల్పు కొలవడం" అని చెప్పేశాను. అమ్మ కాసేపు ఆలోచించి, "ఏం పెట్టి కొలుస్తావు పాపా, టేపుతోనా?" అంది. మాది చిత్తూరు. చదువు కోసం తిరుపతిలో ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి రూమ్ తీసుకుని ఉండేదాన్ని.

నిజానికి అమ్మ అడిగిన ప్రశ్నకే జవాబు వెతుక్కుంటూ నాలుగు నెలలు గడిచాయి.

కోత పెట్టకుండా ఒంట్లో రక్తనాళాలను సులువుగా, నేరుగా చూడగలిగే చోటు కంటి లోపల వెనకవైపు ఉండే రెటీనా అనే పొర. 1851లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలికి చూసే ఆఫ్తాల్మోస్కోప్ తయారు చేసినప్పటినుంచీ డాక్టర్లు చూస్తూనే ఉన్నారు. బీపీ ఏళ్ల తరబడి ఉంటే అక్కడి ధమనులు సన్నబడతాయని కూడా ఎప్పటినుంచో తెలుసు. అయితే "సన్నగా ఉంది" అనడం వేరు, ఎంత సన్నగా ఉందో అంకె చెప్పడం వేరు. నా పని ఆ అంకె.

ఫొటోల కోసం డ్రైవ్ అనే డేటాసెట్ తీసుకున్నాను. నెదర్లాండ్స్‌లో షుగర్ ఉన్నవాళ్లకు చేసిన స్క్రీనింగ్‌లోంచి ఎంచిన 40 ఫొటోలు అవి. 33 ఫొటోల్లో రెటినోపతీ (షుగర్ వల్ల రెటీనాకు వచ్చే జబ్బు) జాడ లేదు, ఏడింటిలో తొలిదశ లక్షణాలు కొద్దిగా ఉన్నాయి. ఒక్కో ఫొటో 565 × 584 పిక్సెళ్లు. చూడగానే సగం మాగిన మామిడిపండు రంగు, ఒక పక్కన లేత పసుపు బిళ్లలా ఆప్టిక్ డిస్క్ (నాళాలు రెటీనాలోకి వచ్చే చోటు), అక్కడినుంచి పైకీ కిందికీ పాకిన నాళాలు.

మొదటి రెండు వారాలు ధమని ఏదో సిర ఏదో తెలుసుకోవడానికే పోయాయి. ధమని కాస్త సన్నగా, లేత ఎరుపులో ఉంటుంది, మధ్యలో సన్నటి మెరుపు గీత కనిపిస్తుంది. సిర వెడల్పుగా, ముదురుగా ఉంటుంది. పుస్తకంలో అంతే. ఫొటో కొంచెం మసకగా ఉంటే రెండూ ఒకేలా ఉంటాయి! మా గైడ్ మేడమ్ చెప్పిన చిట్కా కాపాడింది: రెటీనాలో ధమని ధమనిని దాటదు, సిర సిరను దాటదు. రెండు నాళాలు ఒకదానిమీదుగా ఒకటి వెళ్తుంటే, ఒకటేదో తెలిస్తే రెండోది తెలిసినట్టే. ఇంకొకటి, రంగు ఫొటోలో పచ్చ భాగాన్ని మాత్రమే విడదీసి చూడాలి. హిమోగ్లోబిన్ పచ్చ వెలుగును బాగా పీల్చుకుంటుంది కాబట్టి నాళాలు నల్లగా తేలతాయి.

ఎక్కడ పడితే అక్కడ కొలవకూడదు. డిస్క్ అంచునుంచి సగం డిస్క్ వెడల్పు దూరంలో మొదలై, ఒక డిస్క్ వెడల్పు దూరంలో ముగిసే ఉంగరం లాంటి పట్టీ గీసుకోవాలి. అందులోంచి అన్నిటికన్నా పెద్ద ధమనులు ఆరు, పెద్ద సిరలు ఆరు తీసుకోవాలి. వాటిని కలిపి ఒక్క అంకె చేయడానికి నడ్‌సన్ అనే పరిశోధకుడి బృందం 2003లో ఇచ్చిన సూత్రం వాడాను. ఆరింటిలో అన్నిటికన్నా వెడల్పైనదాన్ని అన్నిటికన్నా సన్నదానితో జతచేసి, రెండు వెడల్పుల వర్గాలు కూడి, వర్గమూలం తీసి, ధమనులైతే 0.88తో, సిరలైతే 0.95తో గుణించాలి. అలా ఆరు మూడవుతాయి, జత లేని మధ్యదాన్ని అలాగే ఉంచితే మూడు రెండవుతాయి, చివరికి ఒకటి మిగులుతుంది. చివర్లో ధమని అంకెను సిర అంకెతో భాగించాలి. నా ఫొటోల్లో ఒక పిక్సెల్ ఎన్ని మైక్రాన్లో తెలియకపోయినా నష్టం లేదు, భాగహారంలో ఆ లెక్క ఎగిరిపోతుంది.

ప్రోగ్రామ్ రాసి నడిపాను. ఆరోగ్యమైన కంట్లో ఆ నిష్పత్తి రెండుకు మూడు పాళ్లు, అంటే సుమారు 0.67 దగ్గర ఉండాలని చదివాను. నాకు ఒక ఫొటోలో 0.31 వచ్చింది. పాపం ఎవరో, బీపీ ఎంత ఉండేదో అని నిజంగానే జాలిపడ్డాను. మేడమ్ స్క్రీన్ మీదికి వంగి ఫొటోను పెద్దది చేసి, "ఇక్కడ నీ ప్రోగ్రామ్‌కు ఎన్ని నాళాలు కనిపించాయి?" అన్నారు. రెండు. ఉన్నది ఒక్కటే. ధమని మధ్యలో ఆ మెరుపు గీత ఉంది కదా, ప్రోగ్రామ్ దాన్ని ఖాళీ అనుకుని, ఒక ధమనిని రెండు సన్నటి దారాలుగా చీల్చేసింది. జబ్బు ఆ మనిషికి కాదు, నా కోడ్‌కు.

దాన్ని సరిచేశాక ఇంకో తలనొప్పి. ఈ ఫొటోల్లో ధమని వెడల్పు నాలుగైదు పిక్సెళ్లే. అంచు ఒక్క పిక్సెల్ అటు జరిగితే కొలత అయిదో వంతో నాలుగో వంతో మారిపోతుంది. అందుకని నాళానికి అడ్డంగా గీత గీసి, ఆ గీత వెంట వెలుగు ఎలా తగ్గి మళ్లీ ఎలా పెరుగుతుందో వంపు తీసి, ఆ వంపు లోతులో సగం దగ్గర అంచు అని పెట్టుకున్నాను. కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో ప్రింటు తీసుకున్న ఫొటోల మీద పెన్సిల్‌తో ఈ అడ్డగీతలు గీస్తుంటే, సంత రోజు చిత్తూరు నుంచి వచ్చిన అమ్మ చూసి, "ఏంది పాపా, చింతచెట్టు వేళ్లు గీస్తా ఉండావా?" అంది.

అమ్మకు ఎనిమిదేళ్లుగా బీపీ. ఆ వారమే ఇక్కడ ఒక కంటి ఆస్పత్రికి తీసుకెళ్లాను. డ్రాప్స్ వేసి, కంటిపాప విచ్చుకునేదాకా కళ్లు మూసుకుని కూర్చోబెట్టారు. ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్‌కు అమ్మ ఉలిక్కిపడి తల వెనక్కి లాక్కుంది, రెండోసారి తీయాల్సి వచ్చింది. బయటికొస్తే ఎండకు కళ్లు తెరవలేక, నా చెయ్యి పట్టుకుని, "కొండ కనిపించలేదే" అంది. ఆ పూటంతా రూమ్‌లో కిటికీకి దుప్పటి కట్టాం.

డాక్టరుగారు ఫొటో నా పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తూ ఒక మాట చెప్పారు. ఒక్క నిష్పత్తి చూసి ఒక మనిషికి జబ్బు ఉందనీ లేదనీ అనుకోవద్దట. సిరలు వెడల్పయినా ఆ అంకె తగ్గుతుంది, ధమనులు సన్నబడినా తగ్గుతుంది. గుండె కొట్టుకునే ప్రతిసారీ నాళం వెడల్పు కొద్దిగా మారుతుంది కూడా. ఆయన మాత్రం ధమని దాటే చోట సిర నొక్కుకుపోయిందా అని చూశారు. ఒకచోట కొద్దిగా ఉందన్నారు, మాత్రలు మానొద్దన్నారు.

ఆ రాత్రి అమ్మ ఫొటో కొలిచాను. 0.62. వారం తర్వాత పాత అంకె చూడకుండా మళ్లీ కొలిస్తే 0.66. కన్ను అదే, ఫొటో అదే, కొలిచింది నేనే! అప్పుడు భయమేసి, డేటాసెట్‌లోంచి పది ఫొటోలు తీసి అన్నీ రెండుసార్లు కొలిచి, తేడాలన్నీ ఒక పట్టికగా రిపోర్టులో పెట్టాను. అది పెడితే మార్కులు పోతాయని స్నేహితురాళ్లు భయపెట్టారు.

వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ నా గ్రాఫులు చకచకా తిప్పేసి, ఆ పట్టిక దగ్గర ఆగారు. ఇరవై నిమిషాల్లో పదిహేను నిమిషాలు దాని మీదే అడిగారు. అంచు ఎక్కడ పెట్టావు, ఎందుకు అక్కడ, రెండోసారి ఎందుకు మారింది.

ఫోన్‌లో అమ్మకు చెబితే, "సరేగానీ నాది ఎంతొచ్చింది?" అంది. రెండు అంకెలూ చెప్పాను. "రెండోది బాగుండాది, అదే రాసుకో" అంది.