సంతకం అయ్యాక చెబితే ఏం లాభం?

నిన్న వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక రైతు బస్తాలోంచి గుప్పెడు పత్తి తీసి నా చేతిలో పెట్టాడు. ఇంకా మంచు తడి ఆరలేదు. "విదేశీ పత్తి వస్తుందని మన ఎంపీకి ముందే తెలియదా సార్?" అని అడిగాడు.

తెలియకపోవచ్చు. విదేశీ ఒప్పందాలకు పార్లమెంటు ఆమోదం తప్పనిసరి అని మన రాజ్యాంగంలో ఎక్కడా లేదు. 253వ అధికరణ వాటి అమలుకు చట్టం చేసే అధికారం ఇచ్చిందంతే. 2022 డిసెంబరులో ఆస్ట్రేలియాతో వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది, అక్కడి నుంచి ఏటా 51,000 టన్నుల పత్తికి సుంకం లేదు. 2025 ఆగస్టులో పత్తిపై 11 శాతం దిగుమతి సుంకాన్ని తాత్కాలికంగా ఎత్తేయడానికి ఒక్క నోటిఫికేషన్ సరిపోయింది.

బేరసారాల్లో గోప్యత అవసరమే, కాదనను. కానీ ప్రజలు గెలిపించిన సభ్యుల దగ్గర కూడా దాపరికమా? అక్సాయ్ చిన్‌లో చైనా రోడ్డు పూర్తయిన దాదాపు రెండేళ్లకు, 1959 ఆగస్టులో గానీ నెహ్రూ ఆ సంగతి లోక్‌సభకు చెప్పలేదు. 1962 యుద్ధంపై హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ప్రభుత్వం నేటికీ విడుదల చేయలేదు. విదేశాంగ మంత్రిగా పనిచేసిన పీవీ పుట్టిన జిల్లాలో ఉండి ఈ మాట అడగకపోతే ఎలా?

పార్లమెంటులో ఎంపీలతో కూడిన విదేశీ వ్యవహారాల స్థాయీ సంఘం ఎలాగూ మూసిన తలుపుల వెనుకే సమావేశమవుతుంది. ఒప్పందాల ముసాయిదాను సంతకానికి ముందే అక్కడ పెట్టాలని అడగండంటూ మా ఎంపీకి ఈ ఉదయం ఉత్తరం రాశాను.