నీటి చుక్క

ఎనిమిదో తరగతిలో మా కుట్టుపని టీచర్ రెండు పీరియడ్ల పాటు రంగు సీసా మూత తీయనివ్వలేదు. తలా ఒక తెల్ల నూలుగుడ్డ ముక్క ఇచ్చి, "ముందు ఒక్క నీటి చుక్క వేసి చూడండమ్మా" అన్నారు. కొత్త గుడ్డ మీద చుక్క ముత్యంలా గుండ్రంగా నిలబడింది. అదే గుడ్డను వేడినీళ్లలో సబ్బేసి ఉతికి, ఆరాక మళ్లీ వేస్తే వేలు తీసేలోపే ఇంకిపోయింది. మిల్లులో పట్టించిన గంజి వదిలిందన్నమాట. అది ఉన్నంతసేపూ రంగు పోగులోకి దిగదు, మచ్చలు మచ్చలుగా పడుతుంది.

ఇంట్లో సంచులు, దిండు గలీబులు కుట్టుకునేటప్పుడు ఈ రోజుకీ నా మొదటి పని ఆ చుక్కే. ఉతికితే ముడుచుకునేదేదో కత్తిరించకముందే ముడుచుకుంటుంది కూడా.

1856లో విలియం పెర్కిన్ అనే రసాయనశాస్త్ర విద్యార్థి మలేరియా మందు క్వినైన్ తయారు చేయబోతే ఊదారంగు దొరికిందని ఆ టీచరే చెప్పారు. అప్పటికి అతని వయసు 18 ఏళ్లు. "మీకంటే ఐదేళ్లే పెద్ద" అన్నప్పుడు క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. నూలు పోగుతో రసాయనికంగా ముడిపడే రియాక్టివ్ రంగులు 1956లో గానీ మార్కెట్లోకి రాలేదని నేను తర్వాత చదువుకున్నాను. వాటికి సోడా యాష్ అనే క్షారం తప్పనిసరి. వెనిగర్ వేస్తే రంగు నిలుస్తుందని చాలామంది అంటారు గానీ, అది పట్టు, ఉన్నికి వాడే ఆమ్ల రంగుల సంగతి. నూలుకు పనిచేయదు. రంగు పొడి కలిపేటప్పుడు మాస్కు, గ్లవుజులు ఉండాలి. ఆ గిన్నెలు మళ్లీ వంటకు వాడకూడదు.

ఫ్యాబ్రిక్ పెయింట్ దారి వేరు. అది పోగులోకి దిగదు, పైన అంటుకుని ఉంటుంది. బాగా ఆరాక గుడ్డ తిరగేసి ఇస్త్రీ చేస్తేనే ఉతుకుడికి ఆగుతుంది. మందంగా వేస్తే గుడ్డ అట్టలా బిగుసుకుపోతుంది, అందుకే నాకు అద్దకమే ఇష్టం.

తొమ్మిదిలో ఎగ్జిబిషన్ కోసం సంచి కుట్టేసి, ఆ తర్వాత నీలంలో ముంచాను. గుడ్డంతా చక్కగా పట్టింది, కుట్లు మాత్రం తెల్లగా మిగిలాయి. ఏడుపొచ్చేసింది. టీచర్ సంచిని వెలుతురుకు పట్టి చూశారు. "గుడ్డ నూలు, దారం పాలిస్టర్. రెండూ ఒకే నీళ్లు తాగవు కదమ్మా" అన్నారు. విప్పనివ్వలేదు, అలాగే బల్ల మీద అందరికీ కనిపించేలా పెట్టించారు.

ఇప్పుడు ఆ సంచిలో నా దారపు ఉండలు ఉంటాయి. మూతి దగ్గర నీలం వెలిసింది, కుట్లు ఇంకా తెల్లగానే ఉన్నాయి.