పొద్దున కనబడి సాయంత్రానికి పోయే హైబర్నేట్ బటన్: కారణం దొరికింది

హైబర్నేట్ అంటే తెరిచిన పనంతా డిస్క్ మీద రాసి మెషీన్‌ని పూర్తిగా ఆపేయడం, మళ్లీ ఆన్ చేస్తే ఆగిన చోటే తెరుచుకుంటుంది. ఆ బటన్ నా మెషీన్‌లో కుదురుగా ఉండటం ఇవాళ్టికి ఐదో రోజు. హైబర్నేట్ బటన్ పొద్దున ఉంది, మధ్యాహ్నం ఉంది, రాత్రి బ్రౌజర్‌లో నలభై ట్యాబులు తెరిచాక కూడా ఉంది! నాలుగు వారాలు ఈ ఒక్క బటన్ వెనక తిరిగాను కాబట్టి అంకెలతో సహా అంతా రాసి పెడుతున్నాను.

మెషీన్ పాతదే. డెబియన్ 12 (లినక్స్‌లో ఒక రకం), ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్, 16 జీబీ ర్యామ్, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్న 480 జీబీ సాటా ఎస్ఎస్‌డీ. మే నెలలో మా మల్కాజిగిరిలో సాయంత్రం గాలిదుమారం లేచిందంటే కరెంటు పోతుంది. నా 600 వీఏ యూపీఎస్ మానిటర్‌తో కలిపి తొమ్మిది నిమిషాలు లాగుతుంది. నేను రోజూ తెలుగు వికీసోర్స్‌లో అచ్చుదిద్దుతాను. ఒక పక్క స్కాన్ పేజీ, ఒక పక్క పాఠం, మధ్యలో రెండు నిఘంటువులు. అవన్నీ మూసేసి, మళ్లీ తెరుచుకుని, ఏ పేరా దగ్గర ఆగానో వెతుక్కోవడం నా వల్ల కాదు. "బంద్ చేసి పొద్దున మళ్లీ పెట్టుకోరాదు అన్నా" అంటాడు మా తమ్ముడు. వాడి పని వేరు, నా పని వేరు.

సస్పెండ్ (పని ర్యామ్‌లోనే ఉంచి మెషీన్‌ని నిద్రపుచ్చడం) సంగతి తొందరగా తేలిపోయింది. రాత్రంతా డౌన్‌లోడ్లు నడవాలని పోయినేడు స్లీప్, సస్పెండ్, హైబర్నేట్ టార్గెట్లను మాస్క్ చేసి (పిలిచినా నడవకుండా బిగించి) ఉంచాను. అన్‌మాస్క్ చేయగానే బటన్ వచ్చేసింది. బల్ల ఊగితే మౌస్ కదిలి మెషీన్ లేచిపోతుంటే, నిద్రలోంచి లేపగల పరికరాలుండే ఏసీపీఐ వేకప్ జాబితాలో ఎక్స్‌హెచ్‌సీని (యూఎస్‌బీ కంట్రోలర్) ఆపేశాను. ఆ సెట్టింగ్ రీబూట్‌కి పోతుంది కాబట్టి ఒక చిన్న సర్వీస్ ఫైల్ రాసి పెట్టాను.

హైబర్నేట్ మాత్రం చుక్కలు చూపించింది. బటన్ అసలే లేకపోతే వెతకడం తేలిక. ఇది పొద్దున లాగవుట్ డైలాగ్‌లో ఉండేది, సాయంత్రం చూస్తే ఉండేది కాదు. నోట్‌బుక్‌లో వేళలు రాసుకున్నాను. ఉదయం 7:10 ఉంది, 11:30 ఉంది, 4:45 లేదు, రీబూట్ చేస్తే 4:52కి మళ్లీ ఉంది. ఉన్నప్పుడు ఒకసారి నొక్కాను. తెర నల్లబడింది, పది సెకన్లకు లాక్ స్క్రీన్ తిరిగొచ్చింది. స్వాప్‌లో, అంటే ర్యామ్ చాలనప్పుడు వాడే, హైబర్నేట్ ఇమేజ్ రాసే డిస్క్ భాగంలో, చోటు చాలలేదు. చోటు చాలదని అప్పుడే తెలిసింది గానీ, బటన్ వచ్చి పోవడానికి దాన్ని ముడిపెట్టలేదు.

మొదట సెక్యూర్ బూట్‌ని (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌తోనే మెషీన్ మొదలవ్వాలనే రక్షణ) అనుమానించాను. అది ఆన్‌లో ఉంటే కెర్నెల్ లాక్‌డౌన్ హైబర్నేషన్‌ని ఆపేస్తుంది, కెర్నెల్ తన స్థితి చూపించే సిస్‌ఎఫ్ఎస్‌లోని పవర్ ఫోల్డర్‌లో డిస్క్ అనే ఫైల్ చదివితే 'డిసేబుల్డ్' అని ఉంటుంది. నా దాంట్లో 'ప్లాట్‌ఫామ్' ఉంది. సెక్యూర్ బూట్ ఎప్పుడో ఆపేశాను కూడా. అది కాదు.

తర్వాత పోల్‌కిట్, అంటే ఎవరికి ఏ పని చేసే అనుమతి ఉందో తేల్చేది. పాత చిట్కాలు చూసి పీకేఎల్ఏ అనే పాత పద్ధతి అనుమతి ఫైల్ ఒకటి పెట్టాను. ఒక సాయంత్రం అక్కడే పోయింది. డెబియన్ 12లో పోల్‌కిట్ జావాస్క్రిప్ట్ రూల్స్ మాత్రమే చదువుతుంది, పీకేఎల్ఏ కావాలంటే దానికి వేరే ప్యాకేజీ వేసుకోవాలి. రూల్ సరిగ్గా రాశాక కూడా మార్పు లేదు. అప్పుడు బస్‌సీటీఎల్ కమాండ్‌తో, లాగిన్‌లనూ పవర్ పనులనూ చూసే లాగిన్‌డీనే 'క్యాన్‌హైబర్నేట్' అని అడిగాను. ముందే చేయాల్సిన పని ఇది. పొద్దున జవాబు 'యెస్', సాయంత్రం 'ఎన్ఏ'. అనుమతి సమస్య అయితే 'నో' అనో 'చాలెంజ్' అనో రావాలి. 'ఎన్ఏ' అంటే ఈ మెషీన్‌లో ఇప్పుడు అది కుదరదని అర్థం. అంటే పోల్‌కిట్‌కి దీంతో సంబంధమే లేదు. ఏ డెస్క్‌టాప్ అయినా బటన్‌ని మాయం చేసే బదులు బూడిదరంగులో ఉంచి, పక్కన కారణం ఒక ముక్క రాస్తే బాగుంటుందని నా గట్టి అభిప్రాయం. ఆ ముక్క ఉంటే నాకు మూడు వారాలు మిగిలేవి.

లాగిన్‌డీ లాగ్ లెవెల్‌ని డీబగ్‌కి మార్చి, సాయంత్రం బటన్ పోయాక మళ్లీ అడిగాను. జర్నల్‌లో (సిస్టమ్ లాగ్) లెక్క మొత్తం కనబడింది. సిస్టమ్‌డీ (లాగిన్‌డీ దీనిలో భాగమే) ర్యామ్ ఎంత ఉందని చూడదు. ఆ క్షణంలో మెమరీ లెక్కలుండే మెమ్‌ఇన్ఫోలో ఉన్న 'యాక్టివ్ అనాన్' (ప్రోగ్రాములు ఈమధ్య వాడిన డేటా) అంకెని తీసుకుని, స్వాప్‌లో ఖాళీగా ఉన్నదాంట్లో 98 శాతంతో పోలుస్తుంది. నా స్వాప్ పార్టిషన్ ఇన్‌స్టాలర్ చేసినది, 998396 కేబీ, అంటే సుమారు 975 ఎంబీ. పొద్దున స్వాప్ వాడకం సున్నా, యాక్టివ్ అనాన్ 318400 కేబీ. పడుతుంది, బటన్ ఉంది. సాయంత్రం స్వాప్‌లో 604100 కేబీ నిండింది, మిగిలినదాంట్లో 98 శాతం 386410 కేబీ, యాక్టివ్ అనాన్ 655212 కేబీ. పట్టదు, బటన్ లేదు. బటన్ రాకపోకలన్నిటికీ కారణం ఈ కూడికా తీసివేతే. నోట్‌బుక్‌లో రాసుకున్న వేళలన్నీ దీంతో సరిపోయాయి. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

మర్నాడు 20 జీబీ స్వాప్ ఫైల్ చేసి, స్వాపాన్ కమాండ్‌తో వాడకంలోకి తెచ్చాను. 'ఫ్రీ' కమాండ్‌లో దాదాపు 21 జీబీ స్వాప్ కనబడుతోంది. సాయంత్రం బటన్ మళ్లీ లేదు. డీబగ్ లాగ్‌లో సైజు ఇంకా 998396 కేబీ అనే ఉంది!

ఎందుకంటే హైబర్నేషన్ ఇమేజ్ ఒక్క చోటికే వెళ్తుంది, అన్ని స్వాప్‌లకూ పంచి రాయడం ఉండదు. ఆ చోటు ఏదో పవర్ ఫోల్డర్‌లోని 'రెజ్యూమ్' చెబుతుంది. నా ఇనిట్రామ్‌ఎఫ్ఎస్‌లో (బూట్ మొదట్లో నడిచే చిన్న సిస్టమ్) పాత పార్టిషన్ గుర్తింపు సంఖ్య, అంటే యూయూఐడీయే ఉంది కాబట్టి సిస్టమ్‌డీ దాన్ని మాత్రమే కొలుస్తోంది. పైగా పార్టిషన్ ప్రయారిటీ -2, ఫైల్‌ది -3. కెర్నెల్ ముందు పార్టిషన్‌నే నింపుతుంది. ఎంత పెద్ద ఫైల్ పెట్టినా, కొలతకు వచ్చే ఆ చిన్న పార్టిషనే మొదట నిండిపోతోంది.

సరే, ఫైల్‌కి మార్చాలి. ఫైల్ డిస్క్ మీద ఎక్కడుందో చూపించే ఫైల్‌ఫ్రాగ్ కమాండ్ వేసి, మొదటి వరసలో ఫిజికల్ ఆఫ్‌సెట్ (ఫైల్ మొదలయ్యే చోటు) మొదటి అంకె తీసుకున్నాను: 5279744. రూట్ పార్టిషన్ యూయూఐడీతో రెజ్యూమ్, ఈ అంకెతో రెజ్యూమ్ ఆఫ్‌సెట్ గ్రబ్ (బూట్ లోడర్) లైన్‌లో పెట్టి అప్‌డేట్ చేశాను. ఆ రాత్రే ఒక అనుమానం వచ్చింది. ఫైల్‌ని ఎఫ్‌అలోకేట్‌తో (చోటు కేటాయించి వదిలేసే కమాండ్) చేశాను, డీడీతో (నిజంగా డేటా రాసే కమాండ్) చేస్తేనే నమ్మకం కదా అని, తీసేసి మళ్లీ చేశాను. రీబూట్ చేస్తే ఈసారి బటన్ పొద్దున కూడా లేదు. రెండు సాయంత్రాలు ఎఫ్ఎస్‌ట్యాబ్ (బూట్‌లో వాడే డిస్క్ భాగాల జాబితా), ఫైల్ పర్మిషన్లు, ప్రయారిటీలు అన్నీ చూశాను. చివరికి డీబగ్ లాగ్‌లో, రెజ్యూమ్‌కి సరిపోయే స్వాప్ ఏదీ దొరకలేదన్న లైన్ కంటబడింది. మళ్లీ ఫైల్‌ఫ్రాగ్ వేస్తే ఆఫ్‌సెట్ 9410560. ఫైల్ కొత్తగా చేస్తే డిస్క్ మీద దాని చోటు మారుతుంది, గ్రబ్‌లో పాత అంకె అలాగే ఉంది. డివైస్, ఆఫ్‌సెట్ రెండూ కలిస్తేనే సిస్టమ్‌డీ ఆ స్వాప్‌ని లెక్కలోకి తీసుకుంటుంది. కలవకపోతే ఎంత ఖాళీ ఉన్నా 'ఎన్ఏ'.

అంకె మార్చి, ఇనిట్రామ్‌ఎఫ్ఎస్‌లో రెజ్యూమ్ ఫైల్ కూడా కొత్త యూయూఐడీకి మార్చి, పాత పార్టిషన్‌ని ఎఫ్ఎస్‌ట్యాబ్‌లోంచి తీసేశాను. హైబర్నేట్ నొక్కితే 4,120 ఎంబీ ఇమేజ్ 14 సెకన్లలో రాసింది, పవర్ బటన్ నొక్కాక 31 సెకన్లకు నా స్కాన్ పేజీ కర్సర్‌తో సహా తిరిగొచ్చింది.

మళ్లీ కొత్త మెషీన్‌కి డెబియన్ వేస్తే స్వాప్ ఫైల్ జోలికి పోను, మాన్యువల్‌గా 20 జీబీ పార్టిషన్ ఇచ్చేస్తాను. ఆఫ్‌సెట్ గోలే ఉండదు. జీర్యామ్ వేసుకోమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. అది ర్యామ్‌లోనే ఉండే స్వాప్. కరెంటు పోతే దానితోపాటే పోతుంది, హైబర్నేట్‌కి పనికిరాదు.

ఇక తర్వాతి పని: నేను ఇంట్లో లేనప్పుడు కరెంటు పోతే మెషీన్ తనంతట తానే హైబర్నేట్ అవ్వాలి. యూఎస్‌బీ డేటా పోర్టు ఉన్న యూపీఎస్ అయితే నట్ అనే యూపీఎస్ సాఫ్ట్‌వేర్ వేసి, అందులోని యూపీఎస్‌షెడ్ టైమర్‌తో బ్యాటరీ మీద 180 సెకన్లు గడిచాక హైబర్నేట్ పిలవచ్చు, ఈలోపు కరెంటు వస్తే టైమర్ రద్దు చేయచ్చు. నా యూపీఎస్‌కి ఆ పోర్టు లేదు, కొత్తది కొనడం దసరా దాకా కుదరదు. ఈలోపు ఒక ఉపాయం తట్టింది. రౌటర్ యూపీఎస్ మీద లేదు, కరెంటు పోగానే ఆరిపోతుంది. మెషీన్‌కి దాని నుంచి కేబుల్ ఉంది కాబట్టి ఆ క్షణమే నెట్‌వర్క్ కార్డు క్యారియర్ ఫైల్‌లోని అంకె (కేబుల్ అవతల లింకు ఉందా లేదా అన్నది) 1 నుంచి 0కి పడిపోతుంది. పది సెకన్లకోసారి ఆ ఫైల్ చదివి, పద్దెనిమిది సార్లు వరసగా 0 వస్తే హైబర్నేట్ చేసే స్క్రిప్ట్ చాలు. శనివారం మెయిన్ స్విచ్ దింపి ప్రయత్నిస్తాను, అమ్మ ఫ్రిజ్ గురించి ఒప్పుకుంటే.