ఎర్రర్‌కో టోకెన్: నా కెర్నల్‌లో ఎర్రర్ టైప్ మార్చిన లెక్క

పేజీ టేబుళ్లు, టైమర్ ఇంటరప్ట్, వర్టియో డిస్క్ డ్రైవర్ వరకూ వచ్చాక నా రిస్క్-ఫైవ్ కెర్నల్‌లో కొత్తవి కలపడం కొన్నాళ్లు ఆపేశాను. ఈ విడత పనంతా ఒక్క ఎర్రర్ టైప్ మీదే, అంటే పని చెడితే ఫంక్షన్ ఆ మాట ఏ రూపంలో తిరిగి చెప్పాలన్నదాని మీద. బయటికి చూపించుకోవడానికి ఏమీ ఉండదు, స్క్రీన్ మీద కొత్త అక్షరం కూడా రాదు. అయినా ఇంతవరకూ చేసిన మార్పుల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

కొత్తగా చదివేవాళ్ల కోసం ఏర్పాటు ఏమిటో చెప్తాను. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, రిస్క్-ఫైవ్ ఒక ప్రాసెసర్ రకం, వర్టియో అంటే వర్చువల్ మెషీన్ డిస్క్‌తో మాట్లాడే పద్ధతి. భాష రస్ట్, స్టాండర్డ్ లైబ్రరీ లేకుండా. నడిచేది క్యూఎమ్యూ అనే ఎమ్యులేటర్‌లోని 'వర్ట్' మెషీన్ మీద, దాని డీఫాల్ట్ 128 ఎంబీ ర్యామ్‌తోనే. ఓపెన్ఎస్‌బీఐ అనే ఫర్మ్‌వేర్ హెక్స్‌లో 80000000 దగ్గర కూర్చుంటుంది, నా కెర్నల్ 80200000 దగ్గర మొదలవుతుంది. బోర్డు ఇంకా కొనలేదు. తిరుపతి ఎండల్లో రాత్రి పదకొండు దాటితేగానీ నా పాత ల్యాప్‌టాప్ ఫ్యాన్ నోరు మూయదు కాబట్టి పనంతా ఆ తర్వాతే.

ఇప్పటిదాకా ప్రతి ఫంక్షనూ లైనక్స్ పద్ధతిలో ఒక మైనస్ అంకె తిరిగిచ్చేది. మెమరీ లేకపోతే మైనస్ 12, తప్పుడు ఆర్గ్యుమెంట్ ఇస్తే మైనస్ 22, డిస్క్ చదవలేకపోతే మైనస్ 5. లైనక్స్ ఈ పద్ధతిని ఎంత దూరం లాగిందంటే, పాయింటర్ తిరిగిచ్చే ఫంక్షన్లలో కూడా ఎర్రర్ నంబర్‌ని ఆ పాయింటర్‌లోనే దాచేస్తుంది. అడ్రస్ స్పేస్ చిట్టచివరి పేజీలోకి అసలైన పాయింటర్ ఏదీ రాదు కాబట్టి మైనస్ 1 నుంచి మైనస్ 4095 వరకూ ఉన్న విలువలన్నీ ఎర్రర్లకే. ఎర్రరా కాదా చూసే ఈజ్_ఎర్ర్ చేసే పని ఆ ఒక్క పోలికే. సీ భాషలో ఇంతకంటే చవకైన ఏర్పాటు ఉండదు.

నా ఇబ్బంది వేరే చోట వచ్చింది. ఒకే ఐ32లో (32 బిట్ల సైన్డ్ అంకె) మూడు రకాల అంకెలు కలిసిపోతున్నాయి. ఎస్‌బీఐ కాల్ (కెర్నల్ కింది ఫర్మ్‌వేర్‌ని పని అడగడం) చేస్తే ఏ0 రిజిస్టర్‌లో ఎర్రర్, ఏ1లో విలువ వస్తాయి. అక్కడ మైనస్ 2 అంటే 'ఈ సౌకర్యం లేదు', మైనస్ 5 అంటే 'అడ్రస్ చెల్లదు'. లైనక్స్ లెక్కలో మైనస్ 2 అంటే 'అలాంటి ఫైల్ లేదు', మైనస్ 5 అంటే ఐఓ ఎర్రర్. వర్టియో డిస్క్ ఏమో మైనస్‌ల జోలికే పోదు: 0 అంటే సరే, 1 అంటే ఐఓ ఎర్రర్, 2 అంటే ఆ పని రాదు. మూడూ ఒకే టైప్‌లో ఉంటే కంపైలర్‌కి మాత్రం తేడా ఎలా తెలుస్తుంది? ఎస్‌బీఐ నుంచి వచ్చిన మైనస్ 2ని పైనున్న షెల్ 'ఫైల్ లేదు' అని చదువుతుంది, మనం ఫైల్ సిస్టమ్‌లో వెతుక్కుంటూ కూర్చుంటాం.

రెండో ఇబ్బంది, మైనస్ 5 అని వస్తే ఏ సెక్టరో, ఏ లైన్‌లో పుట్టిందో తెలియదు. తెలియాలంటే ప్రతి మెట్టులో ఒక ప్రింట్ పెట్టాలి. అప్పుడు ఒక్క చెడ్డ సెక్టర్‌కి ఐదు లైన్లు వస్తాయి, ఐదింటిలోనూ సగం సగం సమాచారమే ఉంటుంది.

మామూలు రస్ట్ ప్రోగ్రాముల్లో దీనికి అందరూ వాడే మందు ఉంది: ఏ ఎర్రర్‌నైనా బాక్స్‌లో పెట్టి డిన్ ఎర్రర్‌గా, అంటే రకం చెప్పకుండా 'ఏదో ఒక ఎర్రర్' అని పైకి పంపడం. దానికి కావాల్సిన ఎర్రర్ ట్రెయిట్ (ఎర్రర్ టైపులు పాటించే ఒప్పందం) 2024 సెప్టెంబరులో వచ్చిన రస్ట్ 1.81 నుంచి కోర్ లైబ్రరీలోనే ఉంది కాబట్టి కెర్నల్‌లో కూడా దొరుకుతుంది. కానీ బాక్స్ అంటే హీప్, అప్పటికప్పుడు మెమరీ అడగాల్సిందే. చిత్తూరు నుంచి మా మేనత్త కొడుకు వచ్చినప్పుడు లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతూ ఈ సంగతి చెప్పాను. తను చేసేది ఫర్మ్‌వేర్ పని, ఇలాంటివి వింటే ఊరుకోడు.

"ఏం బావా, మెమరీ అయిపోయిందని చెప్పేదానికి కూడా మెమరీ అడిగితే, ఇంక ఆ మాట ఎవురు చెప్పాల?"

అంతే, ఆ దారి అక్కడితో మూసేశాను. ఇది మా ఇద్దరి చాదస్తమేమీ కాదు. 2021 ఏప్రిల్‌లో లైనక్స్ కోసం రస్ట్ ప్యాచ్‌లు మొదటిసారి చర్చకి వచ్చినప్పుడు లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గట్టిగా పట్టుకున్నది కూడా ఇలాంటి విషయమే: అలొకేషన్ (అడిగిన మెమరీ) దొరకకపోతే ప్యానిక్ అయ్యే, అంటే అక్కడికక్కడే ఆగిపోయే కోడ్ కెర్నల్‌లో కుదరదని. చివరికి 2022 డిసెంబరులో వచ్చిన లైనక్స్ 6.1తో రస్ట్ లోపలికి అడుగుపెట్టింది.

ఆ లైనక్స్ రస్ట్ కోడ్‌లో ఎర్రర్ టైప్ ఎలా కట్టారో చూశాను. లోపల ఉన్నది సున్నా కాలేని ఒక 32 బిట్ల అంకె, అంతే. సున్నా ఎప్పటికీ రాదు కాబట్టి కంపైలర్ ఆ సున్నానే 'ఓకే'కి వాడేసుకుంటుంది. అందువల్ల ఏ విలువా తిరిగివ్వని రిజల్ట్ (ఓకేనో ఎర్రరో చెప్పే రస్ట్ టైప్) మొత్తం నాలుగు బైట్లే, సీలోని ఇంట్ అంత. పరిధి దాటిన అంకెతో ఎర్రర్ తయారు చేయబోతే హెచ్చరిక ప్రింట్ చేసి మైనస్ 22గా మార్చేస్తుంది. వాళ్ల రిజల్ట్‌కి రెండో టైప్ పారామీటర్ కూడా ఉంది: ఏమీ రాయకపోతే మామూలు ఎర్రర్, కావాలంటే మన సొంత ఎనమ్, అంటే ఇన్ని రకాలే అని పేర్లు పెట్టి రాసుకునే టైప్. ఈ చిన్న వెసులుబాటు నాకు చాలా నచ్చింది. నేను కట్టినదానికి ఇదే పునాది.

అన్ని ఎర్రర్లకీ కలిపి ఒక పెద్ద ఎనమ్ రాసే దారి కూడా చూశాను. సెక్టర్ నంబరు, అడ్రస్, పేరు అన్నీ అందులోనే పెట్టుకుంటూ పోతే సైజు ఉబ్బిపోతుంది. ఎనమ్ సైజుని నిర్ణయించేది దానిలోని అతి పెద్ద వేరియంట్. ఎక్కడో ఒక మూల వచ్చే ఎర్రర్ కోసం ప్రతి ఫంక్షనూ ఆ జాగా మోయాలి. రెండు రిజిస్టర్లలో పట్టకపోతే తిరిగివచ్చే విలువ స్టాక్ మీదికి పోతుంది. రస్ట్ కోడ్‌లో తప్పులు పట్టే క్లిప్పీ డీఫాల్ట్‌గా ఎర్రర్ సైజు 128 బైట్లకి చేరితేగానీ మందలించదు. స్టాక్ రెండే పేజీలున్న నా కెర్నల్‌కి అది మరీ ఉదారం.

చివరికి కట్టింది ఇది. అలిపిరి దగ్గర కాలినడకన వెళ్లేవాళ్లు లగేజీ ఇచ్చి టోకెన్ తీసుకుంటారు కదా, మెట్లెక్కేటప్పుడు చేతిలో టోకెన్ తప్ప బరువేమీ ఉండదు. నా ఎర్రర్ కూడా పైకి ఎక్కేటప్పుడు టోకెన్ ఒక్కటే మోస్తుంది. వివరాలు వేరే చోట ఉంటాయి.

ఎర్రర్ మొత్తం 64 బిట్ల సున్నా కాలేని అంకె. కింది 16 బిట్లు ఎర్రర్ నంబరు. తర్వాతి 8 బిట్లు ఏ మాడ్యూల్‌లో పుట్టిందో చెప్తాయి: ఎస్‌బీఐ, వర్టియో, పేజీ అలొకేటర్, ఫైల్ సిస్టమ్. ఇంకో 8 బిట్లు ఫ్లాగులకి. పై 32 బిట్లు టోకెన్. మాడ్యూల్‌ని అంకెలోనే పెట్టడం కొత్త ఊహేమీ కాదు. విండోస్ కెర్నల్‌లోని ఎన్‌టీస్టేటస్‌లో తీవ్రతకి 2 బిట్లు, ఫెసిలిటీకి (ఎక్కడ పుట్టిందో) 12, కోడ్‌కి 16 ఎప్పటినుంచో ఉన్నాయి. దీంతో ఎస్‌బీఐ మైనస్ 2, ఫైల్ సిస్టమ్ మైనస్ 2 ఇక కలిసే ప్రసక్తే లేదు.

నాలుగు బైట్లు చాలేచోట ఎనిమిది ఎందుకని అడగొచ్చు. నా ఫంక్షన్లలో ఎక్కువ భాగం తిరిగిచ్చేది 64 బిట్ల అన్‌సైన్డ్ అంకె, అడ్రస్ గానీ సైజు గానీ. అలాంటి రిజల్ట్ అలైన్‌మెంట్ వల్ల ఎలాగూ 16 బైట్లే, ఎర్రర్ 4 అయినా 8 అయినా. రెండూ 64 బిట్లవే అయితే ఓకేనా ఎర్రరా చెప్పే ట్యాగ్ ఒక రిజిస్టర్‌లో, విలువ ఇంకో రిజిస్టర్‌లో నీటుగా కూర్చుంటాయి. మెషీన్ కోడ్‌ని చూపించే ఆబ్జ్‌డంప్ తీసి చూస్తే ఏ0, ఏ1 తప్ప స్టాక్ ముట్టుకోవడం లేదు. ఎస్‌బీఐ వాళ్లు పెట్టుకున్న ఒప్పందం ఆకారం కూడా అదే కావడం చూసి ముచ్చటేసింది.

ఇక వివరాలు ఉండే చోటు. ఒక్కో కోర్‌కి 64 గదుల స్టాటిక్ రింగ్. ఒక్కో గది 32 బైట్లు: ఎర్రర్ ఏ ఫైల్, ఏ లైన్‌లో పుట్టిందో చెప్పే లొకేషన్‌కి 8 బైట్ల పాయింటర్, సెక్టర్ నంబరు లాంటి రెండు అంకెలకి 16, సీక్వెన్స్ నంబరుకి 4, దీనికి కారణమైన పాత ఎర్రర్ టోకెన్‌కి 4. కోర్‌కి 2048 బైట్లు, బూట్ అయ్యేటప్పటికే తీసిపెట్టినవి. లొకేషన్ కోసం, పిలిచిన చోటుని గుర్తుంచే ట్రాక్_కాలర్ వాడాను. ఆ సమాచారం బైనరీలోనే స్టాటిక్‌గా ఉంటుంది కాబట్టి అలొకేషన్ అవసరమే రాదు.

రింగ్ నిండితే పాతవాటి మీద కొత్తవి పడతాయి. టోకెన్‌లో సీక్వెన్స్ కింది బిట్లు కూడా ఉంటాయి కాబట్టి గదిలో ఉన్నది మనదో కాదో తెలిసిపోతుంది. మనది కాకపోతే 'వివరం చెరిగిపోయింది' అని ప్రింట్ అవుతుంది, ఎర్రర్ నంబరు, మాడ్యూల్ మాత్రం ఎర్రర్‌లోనే భద్రం. ఇది కావాలని తీసుకున్న నిర్ణయం. వివరం పోతే పోయింది, కోడ్ మాత్రం ఎప్పుడూ పోకూడదు. గది తీసుకునే మధ్యలో ఇంటరప్ట్ వచ్చినా ఇద్దరూ ఒకే గదిలో దూరకుండా మధ్యలో ఆగని అటామిక్ కూడికతో నంబరు తీసుకుంటున్నాను. రిస్క్-ఫైవ్‌లో అది ఒక్క ఇన్‌స్ట్రక్షన్.

ఎక్కడ ఎనమ్ ఉంచాలి, ఎక్కడ టోకెన్‌గా మార్చాలి అన్నదానికి ఒక ప్రశ్న పెట్టుకున్నాను: పిలిచిన ఫంక్షన్ ఆ ఎర్రర్‌ని చూసి వేరే పని చేస్తుందా? వర్టియో డ్రైవర్ లోపల 'క్యూ నిండింది' అంటే కాసేపు ఆగి మళ్లీ పంపాలి. అక్కడ సొంత ఎనమ్ ఉంది, మ్యాచ్ రాస్తే కంపైలర్ అన్ని కేసులూ అడుగుతుంది. డ్రైవర్ దాటి ఫైల్ సిస్టమ్‌లోకి వచ్చాక ఐఓ ఎర్రర్ ఎందుకొచ్చిందో తెలిసినా అది చేయగలిగింది ఏమీ లేదు, పైకి పంపడమే. అందుకని ఆ గడపలో ఒక టైప్‌ని ఇంకోటిగా మార్చే ఫ్రమ్ ట్రెయిట్‌తో టోకెన్ అయిపోతుంది. ఫైల్ సిస్టమ్ కోడ్‌లో కనిపించేది ప్రశ్నార్థకం గుర్తు ఒక్కటే, ఎర్రర్ వస్తే పైకి పంపేయమని. యూజర్ ప్రోగ్రామ్ కెర్నల్‌ని పని అడిగే సిస్టమ్ కాల్ దగ్గర మాత్రం టోకెన్, మాడ్యూల్ అన్నీ తీసేసి కింది 16 బిట్లే మైనస్ చేసి యూజర్‌కి ఇస్తున్నాను. కెర్నల్ లోపలి ఫైల్ పేర్లు, అడ్రస్‌లు యూజర్ ప్రోగ్రామ్‌కి ఎందుకు?

పరీక్షకి రెండు పనిముట్లు బాగా పనికొచ్చాయి. మొదటిది క్యూఎమ్యూలో కావాలని డిస్క్ ఎర్రర్లు పుట్టించే బ్లాక్‌డీబగ్. ఒక చిన్న కాన్ఫిగ్ ఫైల్‌లో ఇంజెక్ట్-ఎర్రర్ అని సెక్షన్ పెట్టి, ఈవెంట్ దగ్గర రీడ్_ఏఐఓ, ఎర్నో దగ్గర 5, వన్స్ దగ్గర ఆన్ అని రాస్తే మొదటి రీడ్ మాత్రమే ఫెయిల్ అవుతుంది. డ్రైవ్ ఆప్షన్లలో, రీడ్ ఫెయిలైతే ఏం చేయాలో చెప్పే ఆర్ఎర్రర్‌ని రిపోర్ట్‌గా ఉంచాలి, స్టాప్ అని పెడితే ఎర్రర్ గెస్ట్‌కి (అంటే నా కెర్నల్‌కి) రాకుండా మెషీనే ఆగిపోతుంది. ఇలా చేస్తే కన్సోల్‌లో ఒక్క లైనే వచ్చింది: వర్టియో, ఐఓ ఎర్రర్, ఫలానా సెక్టర్, ఫలానా ఫైల్ ఫలానా లైన్, చివర్న ఫైల్ సిస్టమ్‌లో ఎవరు అడిగారో.

రెండోది నేనే రాసుకున్నాను, ఆలోచన మాత్రం లైనక్స్‌లోని ఫెయిల్-ఎన్‌త్‌ది. మొదటి అలొకేషన్ ఫెయిల్ చేసి టెస్ట్ నడపాలి, తర్వాత రెండోది, తర్వాత మూడోది, ఇక ఫెయిల్ చేయడానికి ఏదీ మిగలనంత వరకూ. ప్రతిసారీ టెస్ట్‌కి ముందు, తర్వాత ఖాళీ పేజీల లెక్క సరిపోవాలి. సీలో గోటూ లేబుళ్లతో చేసే శుభ్రం అంతా ఇక్కడ విలువ పని అయిపోగానే రస్ట్ నడిపే డ్రాప్ చూసుకుంటుంది కాబట్టి లెక్క చాలావరకు దానంతటదే కలిసింది. వెక్టర్‌లోకి పుష్ చేసే ప్రతి చోటా ముందు, జాగా దొరక్కపోతే ప్యానిక్ కాకుండా ఎర్రర్ ఇచ్చే ట్రై_రిజర్వ్ పెట్టాను, అది రస్ట్ 1.57 నుంచి ఉంది.

డ్రాప్‌తో ఒక పేచీ ఉంది. అది రిజల్ట్ తిరిగివ్వలేదు. ఫైల్ మూసేటప్పుడు మిగిలిన బ్లాక్ డిస్క్‌కి రాయలేకపోతే ఆ మాట ఎవరికి చెప్పాలి? అందుకని ఫ్లష్‌ని (మిగిలింది డిస్క్‌కి రాసేయడం) వేరే ఫంక్షన్ చేశాను. అది పిలవకుండా డ్రాప్ అయితే రింగ్‌లో ఒక నోటు రాసి వదిలేస్తుంది. ఇది నాకు పూర్తిగా తృప్తినివ్వలేదు, ఇంతకంటే మంచిది తట్టనూ లేదు. రిజల్ట్‌ని పట్టించుకోకుండా వదిలేసిన చోట్లు మాత్రం అన్‌యూజ్డ్_మస్ట్_యూజ్‌ని డినైలో పెట్టి కంపైల్ దశలోనే ఆపేస్తున్నాను.

ఇక మిగిలినవి. ఒక కోర్‌లో పుట్టిన ఎర్రర్‌ని ఇంకో కోర్ చదివేటప్పుడు గది సగం రాసి ఉంటే ఏమవుతుందో చూడాలి. సీక్వెన్స్‌ని చివర్లో రిలీజ్ ఆర్డరింగ్‌తో (ముందు రాసినవన్నీ కనిపించాకే ఇది కనిపించేలా) రాస్తే చాలని మొదట అనుకున్నాను, పాత గది మీద కొత్తది పడేటప్పుడు అది చాలదు, రాసే ముందు కూడా గదిని చెల్లనిదిగా గుర్తు పెట్టాలి. లొకేషన్ వల్ల నా ఫోల్డర్ పేర్లన్నీ బైనరీలోకి ఎక్కుతున్నాయి, వాటిని రీమ్యాప్-పాత్-ప్రిఫిక్స్‌తో కత్తిరించాలి. ఆ రెండూ అయ్యాక పైప్ (ఒక ప్రోగ్రామ్ రాసింది ఇంకోటి చదివే గొట్టం) సిస్టమ్ కాల్ మొదలుపెడతాను. అందులో 'ఇప్పుడు కాదు, మళ్లీ రా' అనే మైనస్ 11 ఎనమ్‌లో ఉండాలా, టోకెన్‌లో ఉండాలా అన్నది మా బావ వచ్చే ఆదివారానికి తేలుతుందేమో.